తెలీదనడం రాని గవ్వలు

తుఫాను వెళ్ళిపోయింది. బోట్లన్నీ ఒకదాని వెనక ఒకటి జెట్టీకి చేరుకున్నాయి. ఒక్క ఎర్రన్న బోటు మాత్రం ఇంకా నడిసముద్రంలో తాపీగా చేపలు పడుతూనే ఉంది. పడుతోందని ఫోను చెబుతోంది. ఆ ఫోను మాట ఎర్రన్న పెళ్ళాం దానమ్మ నమ్మింది, పాలెమంతా నమ్మింది. నమ్మలేక, నమ్మకుండా ఉండనూ లేక, జెట్టీ ఈ చివరి నుంచి ఆ చివరికి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నది హైమ ఒక్కతే. దానమ్మకి ఆమె సొంత చెల్లెలు. ఫోనుకి ఆ మాట నేర్పిందీ ఆమే.

నేర్పడమంటే మామూలుగా నేర్పడమా? అందుకోసం ఢిల్లీ సంస్థ ఒకటి ఫెలోషిప్ ఇచ్చి మరీ చదివిస్తోంది. హైమ విశాఖపట్నంలో పిహెచ్‌డీ చేస్తోంది. పాలెంలో అంతదూరం వెళ్ళిన పిల్ల మరొకతె లేదు. ఏం చదువుతున్నావని ఎవరైనా అడిగితే మొదట్లో ఆమెకి ముచ్చెమటలు పోసేవి. వైర్‌లెస్ నెట్‌వర్కుల్లో కేంద్రమనేది లేకుండా అంచనా కట్టడం అని ఒకసారి వాళ్ళమ్మకి చెప్పిచూసింది. ఆవిడ కాసేపు ఆలోచించి, పోనీలే, ఎవల్నీ ముంచే పని కాదు కదా అంది.

ఆ తర్వాత ఆమె గైడు సోమయాజులు గారు పాలెం చూస్తానని వచ్చారు. జెట్టీ మీద చేపలమ్మే ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. హైమకి ఒక ఉపాయం తట్టింది. చేపలు నిండిన తట్ట ఒకటి అందరికీ కనబడేట్టు పెట్టి, ఎంత తూగుతుందో మనసులో అనుకోమంది. అనుకున్నది పక్కనున్న ఇద్దరికే గుసగుసగా చెప్పాలి. వాళ్ళ మాట విని తన మాట కొంచెం సర్దుకోవాలి. మళ్ళీ చెప్పాలి, మళ్ళీ సర్దుకోవాలి. నవ్వుకుంటూ, ఒకరినొకరు మోచేతుల్తో పొడుచుకుంటూ కాసేపు ఆ ఆట ఆడేసరికి వరస మొత్తం ఒకే మాట మీదికి వచ్చేసింది. కాటా వేస్తే ఇంచుమించు అంతే తూగింది. వాళ్ళలో పెద్దరికం చేసినవాళ్ళు లేరు, అందరి మాటా విన్నవాళ్ళూ లేరు. అయినా అందరికీ తెలిసిపోయింది. అప్పటిదాకా ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్న సోమయాజులు గారు రుమాలు సంగతే మరిచిపోయి చప్పట్లు కొట్టారు.

ఆ ఆడవాళ్ళ బదులు బోట్లని అనుకుంటే హైమ పరిశోధన అంతా అదే. ప్రతి బోటు తెరచాప కొయ్యకీ ఒక తెల్లటి డబ్బా. అరచేతిలో ఇముడుతుంది. అడుగున చీలిక ఉండటం చూసి జనం దానికి గవ్వ అని పేరు పెట్టేశారు. అల ఎంత ఎత్తున లేస్తోంది, గాలి ఎటు కొడుతోంది, ఇంజను ఎలా కొట్టుకుంటోంది, సరంగు చుక్కాని ఎప్పుడు ఎటు తిప్పుతున్నాడు, అన్నీ ఆ గవ్వ కనిపెడుతుంది. తను కనిపెట్టింది చుట్టుపక్కల బోట్ల గవ్వలకి చెబుతుంది, వాటి మాట వింటుంది, సర్దుకుంటుంది. అలా అలా ప్రతి గవ్వ కడుపులోనూ సముద్రం మీదున్న బోట్లన్నిటి బొమ్మా తయారవుతుంది. ఆ బొమ్మే ఒడ్డున ఫోన్లలో చుక్కలుగా కనబడుతుంది. చుక్క పక్కన నూటికి ఎంత నమ్మకమో ఒక అంకె ఉంటుంది. మొదటి ఏడాదే ఇంజను చెడి కొట్టుకుపోతున్న బోటొకటి ఈ గవ్వల పుణ్యాన దొరికింది. ఆ రోజు జెట్టీ మీద డప్పులు వాయించారు, గవ్వలకి పసుపూ కుంకుమా పెట్టారు. ఇక గవ్వ మాటంటే వేదవాక్కు.

చిక్కంతా ఒక్కచోట వచ్చింది. చేప పడే చోటు సొంత తమ్ముడికైనా చెప్పకపోవడం వేటగాళ్ళ తాతలనాటి అలవాటు. వైర్‌లెస్‌లో ఉత్తరాన ఉన్నామంటే దక్షిణాన వెతుక్కోవాలి. గవ్వకి అబద్ధం చెప్పడం రాదాయె. అందుకని మంచి చేప దొరికిన మరుక్షణం దాన్ని కొయ్య మీంచి ఊడదీసి, ఐసుపెట్టెలో ఐసు కింద కప్పెట్టి మూత వేసేసేవాళ్ళు. గవ్వ గొంతు నొక్కుకుపోయేది. బొమ్మలో ఎక్కడికక్కడ చిల్లులు. ఈ విద్యలో ఎర్రన్నని మించినవాడు లేడు. ఎప్పుడూ నవ్వే మనిషి, మరదల్ని గవ్వలమ్మా అని పిలిచేవాడు. తిరిగొచ్చాక, నీ గవ్వకి చలివేసింది చూడు అంటూ ఐసుపెట్టెలోంచి తీసి ఆమె చేతిలో పెట్టేవాడు.

సోమయాజులు గారు ఆ చిల్లులు చూసి తల పట్టుకున్నారు. హైమ మాత్రం పకపకా నవ్వింది. వాళ్ళ సంగతి ఆమెకి తెలియనిదా? ఆ వారమే ఒక కొత్త సూత్రం రాసి గవ్వలన్నిటికీ ఎక్కించింది. పలకని బోటు పోయిన బోటు కాదు, చేప మీదున్న బోటు. కాబట్టి అది మళ్ళీ పలికేదాకా, దాని సరంగు అలవాట్లని బట్టి ఎక్కడ తిరుగుతుంటాడో ఎలా తిప్పుతుంటాడో మిగతా గవ్వలు ఊహించుకుని చిల్లు పూడ్చాలి. దాగుడుమూతల సూత్రం అని తనలో తాను పేరు పెట్టుకుంది. అది గొప్పగా పనిచేసింది. ఈ సూత్రం లోకంలో ఇంకెవరూ రాయలేరమ్మా, వాళ్ళెవరూ మీ బావకి మరదళ్ళు కారు అని సోమయాజులు గారు మురిసిపోయి, దేశాలు తిరిగి ఆ పేపరు చదివొచ్చారు. ఎర్రన్న కూడా ఏమీ అనుకోలేదు. పైగా ఇంట్లో దానమ్మ ఫోనులో చూసుకోవడానికని గుమ్మం మీద ఒక గవ్వ బిగించాడు.

ఇదీ కథ తుఫానుకి ముందు.

ఇప్పుడు ఎర్రన్న చుక్క ఎప్పుడూ అతను వేటాడే చోటే అటూ ఇటూ తిరుగుతోంది. వెతకడానికి బోట్లు వెళ్ళాయి, ప్రభుత్వం హెలికాప్టరు పంపింది. అందరూ చుక్క చూపిన చోటికే వెళ్ళారు. అక్కడ బోటు లేదు. వాళ్ళు వెళ్ళేసరికి చుక్క ఇంకాస్త తూర్పుకి జరిగింది, చేప వెంట వెళ్ళే సరంగు జరిగినట్టే. దొంగ సచ్చినోడు, తుఫానులో కూడా సేప సూసుకున్నాడు అని జెట్టీ మీద మగవాళ్ళు నవ్వారు. దానమ్మ కూడా నవ్వింది. ప్రతి ఉదయం ఇవాళ వచ్చేస్తాడని కొంచెం ఎక్కువ బియ్యం పొయ్యి మీద పెడుతోంది.

హైమ భయమంతా ఆ నమ్మకం అంకె చూసి. పలకని బోటు గురించి రోజులు గడిచేకొద్దీ నమ్మకం తగ్గాలి. ఇది పెరుగుతోంది. తుఫాను వెలిసిన రోజు డెబ్బై దగ్గరున్నది ఇప్పుడు తొంభై దాటింది. కొత్త కబురు ఒక్కటైనా రాకుండా నమ్మకం ఎలా పెరుగుతుంది? అన్నం సహించక, కూర్చుంటే లేవాలని, లేస్తే ఎటు వెళ్ళాలో తెలియక, ఫోను తెరిచి మూస్తూ తెరిచి మూస్తూ జెట్టీ అంతా కొలిచింది.

ఆ కలవరంలోనే, పొద్దున్న చేపలు ఎండబెడుతున్న వరహాలమ్మ ఆపి అడిగితే, ఏదో ఒక ఊరట కావాలి కదా అని, గాలి అటు కొట్టి ఉంటే ఒరిస్సాలో గోపాల్‌పూర్ దగ్గర ఎక్కడో ఒడ్డెక్కి ఉంటారేమో అంది. అన్నదే గానీ ఆ మాట మీద తనకే నమ్మకం లేదు. సాయంత్రానికి వాళ్ళమ్మ ఒగర్చుకుంటూ వచ్చింది.

"ఒలే హైమా, మీ బావ గోపాల్‌పూర్‌లో ఉన్నాడంట. నలుగురు సెప్పినారు. ఒకల్లు కాదు, నలుగురు."

ఎవరా నలుగురని హైమ ఇల్లిల్లూ తిరిగి అడిగింది. ఒకరికి మరదలు చెప్పింది, ఇంకొకరికి మంచినీళ్ళ కుళాయి దగ్గర తెలిసింది, ఆ కుళాయి దగ్గర చెప్పినావిడకి ఆటోవాడు చెప్పాడు. తీగ లాగితే డొంకంతా వరహాలమ్మ దగ్గరికొచ్చి ఆగింది. తను పొద్దున్న విసిరిన ఒక్క మాట ఊరంతా తిరిగి, నాలుగు మాటలై, సాక్ష్యాలతో సహా తన గుమ్మంలోకే వచ్చింది.

హైమ ఫోను తెరిచి చుక్కని చూసింది. గవ్వలు చేస్తున్నదీ అదే. ఒక గవ్వ, ఎర్రన్న ఫలానా చోట ఉండొచ్చు అని ఊహించి పక్కదానికి చెప్పింది. అది మూడోదానికి చెప్పింది. మూడోది తిరిగి మొదటిదానికే చెప్పింది. ఓహో, వేరే ఎవరో కూడా చూశారన్నమాట అని మొదటిది ఇంకా గట్టిగా నమ్మింది. ఇన్ని గవ్వల్లో ఎర్రన్నని నిజంగా విన్న చెవి ఒక్కటైనా ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఉన్నదంతా ప్రతిధ్వని. దాన్ని పుట్టించింది తన సూత్రమే.

మర్నాడు పొద్దున్నే విశాఖకి మొదటి బస్సు పట్టుకుంది. ల్యాబులో సోమయాజులు గారు ఢిల్లీ కమిటీకి చూపించడానికి స్లైడ్లు దిద్దుకుంటున్నారు. సోమవారం కమిటీ వస్తోంది. అది ఒప్పుకుంటే మరో మూడేళ్ళు పరిశోధనకి ఢోకా లేదు. హైమ చెప్పిందంతా విని ఆయన మెల్లగా, బుజ్జగిస్తున్నట్టుగా అన్నారు.

"మన గవ్వలు ఇంతవరకూ ఒక్కసారీ తప్పు చెప్పలేదమ్మా. నువ్వు ఇంటి మనిషివి. కంగారులో ఉన్నావు."

హైమ బల్ల మీద అరడజను గవ్వలు చుట్టూ పేర్చి, వాటిని ఆన్ చేసింది. అవి ఒకదాన్నొకటి కనుక్కున్నాక ఒకదాన్ని తీసి, బ్యాటరీ ఊడబెరికి, బల్ల కింద నేల తుడిచే బకెట్టులో పడేసింది. అది బుడుంగున మునిగింది. ఇద్దరూ తెర వైపు చూస్తూ కూర్చున్నారు. మిగతా ఐదూ కాసేపు తటపటాయించాయి. నమ్మకం అంకె కొంచెం జారింది. తర్వాత ఆగింది. ఆ తర్వాత ఎక్కడం మొదలుపెట్టింది. టీ చల్లారేలోగా, బకెట్టులో మునిగి ఉన్న గవ్వ బల్ల మీద నిక్షేపంగా ఉందని ఐదూ ఏకగ్రీవంగా చెప్పాయి.

సోమయాజులు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ అంకె చూసే కదూ హెలికాప్టరు అక్కడక్కడే తిరుగుతున్నది?"

"అవును సార్."

"ఆ సూత్రం మెచ్చుకుని ఊరేగించింది నేనమ్మా" అని ఆయన లేచి, స్లైడ్లు మూసేసి, కారు తాళాలు తీసుకున్నారు.

పాలెం దారిలో ఇద్దరూ లెక్క వేసుకున్నారు. సూత్రం చెరిపెయ్యడం తేలికే. కానీ చెరపాల్సింది ఎక్కడ? కేంద్రం లేకపోవడమే కదా వాళ్ళ గొప్ప. ఒక గవ్వని సరిచేస్తే పక్క గవ్వలన్నీ కలిసి దానికి మళ్ళీ పాత పాఠమే నేర్పేస్తాయి. ఒక్క మంచి గవ్వ వంద మొండి గవ్వల ముందు ఏం నిలుస్తుంది? అన్నిటినీ జెట్టీకి తెచ్చి, అన్నిటినీ ఒకేసారి ఆపి, కొత్త ప్రోగ్రాము ఎక్కించాకే తెరవాలి. ఒక్కటి మిగిలిపోయినా అది ఎర్రన్న చుక్కని మళ్ళీ అందరికీ అంటిస్తుంది. ఇంకొక ఆశ కూడా ఉంది. ప్రతి గవ్వా తన చెవితో తాను విన్నది లోపల ఓ మూల దాచుకుంటుంది. దాన్ని బయటికి పంపదు, చేతిలోకి తీసుకుని చదవాలి. ఊహలన్నీ కడిగేస్తే, నిజంగా విన్నమాట అడుగున ఏదైనా మిగిలి ఉండొచ్చు.

జెట్టీ మీద పెద్దల్ని కూర్చోబెట్టి హైమ చెప్పింది. వరహాలమ్మని పక్కన నిలబెట్టుకుని గోపాల్‌పూర్ కబురు ఎలా పుట్టి ఎలా పెరిగిందో విప్పి చెప్పింది. అర్థం కాకపోలేదు. అర్థమయ్యాకే అసలు గొడవ మొదలైంది. గవ్వ ఆపితే చుక్క పోతుంది. చుక్క పోతే ఎర్రన్న పోయినట్టేనా? ఆ పాపం ముందుగా ఎవరు చేస్తారు? అప్పుడు పెంటయ్య లేచాడు. చేప పడే ఒక చోటు కోసం తగువుపడి ఎర్రన్నతో ఏళ్ళ తరబడి మాటలు లేని మనిషి. తుఫానుకి దక్షిణంగా కొట్టుకుపోయి, రేవులు పట్టుకుంటూ ముందురోజే ఇల్లు చేరాడు. తన బోటెక్కి, గవ్వ ఊడదీసి తెచ్చి హైమ ముందు పెట్టాడు. ఆ వెనక ఒక్కొక్కరే కదిలారు.

అన్నీ వచ్చాయి, గుమ్మం మీదున్నది తప్ప.

దానమ్మ వాకిట్లో పీట వేసుకుని ఫోను చూస్తోంది. చెల్లెల్ని చూడగానే మొహం విప్పారింది.

"ఒలే, రాయే, సూడు. ఎండెక్కితే మీ బావ ఇలాగే ఉత్తరానికి తిప్పుతాడు. అచ్చం అలాగే తిప్పుతన్నాడు."

హైమ పక్కనే నేల మీద కూర్చుంది.

"అది బావ తిప్పడం కాదప్పా. నాను తిప్పుతన్నాను."

"ఏటే?"

"పలకని బోటు సేప మీదున్నట్టే అని నానే రాసినాను దాంట్లో. బావ ఎలాగ తిప్పుతాడో నేర్సుకుంది. ఆడు లేకపోయినా అలాగే తిప్పుతాది. ఇన్నాళ్ళూ నివ్వు సూసింది బావని కాదు."

దానమ్మ ఫోను వంక చూసింది. చుక్క నింపాదిగా ఉత్తరానికి పోతోంది. ఎప్పుడూ అతను ఆగే చోట ఆగింది.

"మరి ఇది తీసీస్తే మీ బావ ఏటవుతాడు?"

"తెలీదు."

"ఇంత సదివినావు, నీకు తెలీదా?"

"నాకు తెలీదప్పా. గవ్వకీ తెలీదు. దానికి తెలీదనడం నాను నేర్పలేదు."

దానమ్మ చెయ్యెత్తి చెల్లెలి వీపు మీద ఒక్కటి చరిచింది. చరిచిన చెయ్యి అక్కడే ఉండిపోయింది, రవికె గుడ్డ పిడికిట్లో నలిగిపోయేలా పట్టుకుంది. తర్వాత వదిలి లేచింది. తీయబోయిన హైమని తాకనివ్వలేదు. తనే పీట మీద నిలబడి గుమ్మం మీది గవ్వని లాగింది. లాగి, ఎండకి కాగి వెచ్చగా ఉన్న దాన్ని చెల్లెలి ఒళ్ళో పడేసి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

జెట్టీ మీద టార్పాలిన్ కింద హైమా సోమయాజులు గారూ ఎదురెదురుగా కూర్చుని ఒక్కో గవ్వ కడుపూ కడిగారు. ఊహ తీసేస్తూ పోతే ఎర్రన్న గురించి మిగిలింది సున్నా. ఇది ఏమీ వినలేదు. అదీ వినలేదు. ఇన్ని గవ్వలు తొంభై పాళ్ళు నమ్మిన మాటకి ఒక్కటంటే ఒక్క సాక్ష్యం లేదు. హైమ తగిలించిన తీగే మళ్ళీ తగిలిస్తుంటే సోమయాజులు గారు ఆ పని తను తీసుకున్నారు. పెంటయ్య గవ్వ వంతు వచ్చింది.

అది విన్నది. తుఫాను వెలిసిన మర్నాడు, ఎవరూ వెతకని దక్షిణపు లోతుల్లో, కాసేపే, సన్నగా, ఎర్రన్న గవ్వ పలికింది. ఇక్కడున్నాను, ఇంజను లేదు, ఒక పక్కకి ఒరిగి ఉన్నాను అని చెప్పింది. పెంటయ్య గవ్వ ఆ మాట విని, తీరం దగ్గరికి వచ్చాక నిజాయితీగా మిగతావాటికి చెప్పింది కూడా. అందరూ ఎర్రన్న ఉత్తరాన చేపలు పడుతున్నాడంటుంటే నువ్వొక్కదానివి ఇదేం మాట అని అవి తోసేశాయి. అది కూడా సర్దుకుంది. సర్దుకోమని నేర్పింది హైమే.

పెంటయ్య అప్పటికే ఇంజను తిప్పుతున్నాడు. ఆ ఒక్క చోటూ, అక్కణ్ణుంచి నీటి వాలూ లెక్కగట్టి ఎటు కొట్టుకుపోయి ఉంటారో హైమ చెప్పింది. సోమయాజులు గారు హెలికాప్టరు వాళ్ళకి ఫోను చేసి, ఇన్నాళ్ళూ తమ అంకె తప్పని ఒప్పుకుని కొత్త చోటు చెప్పారు. పెంటయ్య బోటే ముందు చేరింది.

బోటు దొరికింది. పక్కకి ఒరిగి, సగం నీళ్ళు నిండి ఉంది. ఎర్రన్న దగ్గర పనిచేసే ఇద్దరు కళాసీలు ప్రాణాలతో ఉన్నారు. ఎర్రన్న లేడు. ఉన్న కాసిని మంచినీళ్ళు కుర్రాళ్ళవంటూ వాళ్ళకే ఇచ్చేశాడట. ముందురోజు సాయంత్రమే పోయాడు. వాళ్ళు అతన్ని సముద్రానికి వదలకుండా తాళ్ళతో కట్టి ఉంచారు, దానమ్మకి చూపించాలని.

ఆసుపత్రిలో పెద్ద కళాసీ చెప్పిన మాట హైమ గుమ్మం పక్కన నిలబడి వింది. తుఫాను తగ్గగానే ఎర్రన్న చేసిన మొదటి పని ఐసుపెట్టె తెరవడమట. గవ్వని బయటికి తీసి, లుంగీతో తుడిచి, కొయ్య చివరికంటా ఎక్కి కట్టాడట.

"భయపడకండిరా, ఇది మా మరదలు సేసింది, దీనికి మనం కనబడతాం అనీసినాడమ్మా. రోజూ తుడిసీవోడు. ఉప్పు పట్టీకుండా."

హైమ అక్కణ్ణుంచి ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. రోడ్డు మీద చాలాదూరం నడిచేసింది. ఎవరో చెయ్యి పట్టుకుని ఆపి ఏడవమన్నారు. అప్పుడు ఏడ్చింది.

సోమవారం కమిటీ వచ్చింది. స్లైడ్లు లేవు. బల్ల మీద అరడజను గవ్వలూ, బల్ల కింద బకెట్టూ ఉన్నాయి. హైమ జరిగింది జరిగినట్టు చూపించి, ఎర్రన్న గురించి కూడా చెప్పింది. కమిటీలో ఒకాయన, ఇప్పుడు ఈ పరిశోధన ఆపాలా సాగించాలా మీరే చెప్పండి అన్నాడు. సాగించాలి సార్, వీటికి ఇంకొక మాట నేర్పాలి అంది. ఒప్పుకోవడానికి వాళ్ళు చాలా నెలలు తీసుకున్నారు.

ఆ నెలలన్నీ దానమ్మ చెల్లెలితో మాట్లాడలేదు. హైమ ఇంటికొస్తే అన్నం పెట్టేది, కంచం తీసేది, మొహం చూసేది కాదు. తిట్టినా బాగుండునని హైమ ఎదురుచూసేది. దానమ్మ తిట్టలేదు. మెల్లగా జెట్టీకి వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ వైర్‌లెస్ సెట్టు ముందున్న బల్ల మీద కూర్చునేది. ఎవరూ ఆమెని పెట్టలేదు, ఎవరూ లెమ్మనలేదు. కొన్నాళ్ళకి బోట్లవాళ్ళంతా దానమ్మ గొంతుకే అలవాటుపడ్డారు.

ఎండాకాలపు వేట నిషేధం ముగిసి బోట్లు మళ్ళీ దిగే రోజుకి కొత్త గవ్వలు సిద్ధమయ్యాయి. ఇప్పుడు ఒక గవ్వ ఇంకొకదానికి ఏదైనా చెబితే, చెవితో విన్నదా, ఒకరు చెప్పగా విన్నదా అన్నది కూడా చెప్పాలి. తన మాటే తిరిగొస్తే గుర్తుపట్టాలి. అన్నిటికంటే పెద్ద మార్పు ఇంకొకటి. పలకని బోటుకి చుక్క ఉండదు. దాని బదులు ఒక ఖాళీ వలయం కనబడుతుంది, పొద్దు గడిచేకొద్దీ అది పెద్దదవుతూ పోతుంది. పక్కన అంకె ఉండాల్సిన చోట తెలియదు అని ఉంటుంది. ఆ మాట కనబడితే దగ్గరున్న బోట్లు వల వదిలేసి వెళ్ళి చూడాలని పెద్దలు కట్టుబాటు పెట్టారు.

కట్టుబాటు అందరూ ఒప్పుకున్నారు. అలవాటు మానడం ఎవరి తరం? వేట మొదలైన వారంలోనే మధ్యాహ్నం పూట తెర మీద ఒక వలయం తెరుచుకుంది. పెంటయ్య బోటు. దానమ్మ మైకు అందుకుని దగ్గరున్న మూడు బోట్ల పేర్లు పిలిచింది. మూడూ మళ్ళాయి. వలయం పెరుగుతోంది. జెట్టీ మీద పనులు ఆగిపోయాయి. తట్టలు దించినవాళ్ళు దించినచోటే నిలబడ్డారు. హైమ కాళ్ళు మళ్ళీ నిలవడం మానేశాయి. సెట్టు ముందు నుంచి మెట్ల దాకా, మెట్ల నుంచి సెట్టు దాకా తిరుగుతోంది. దానమ్మ తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

చివరికి సెట్టు గరగరలాడింది. ఆ వెంటనే పెంటయ్య గొంతు జెట్టీ అదిరిపోయేలా వినబడింది. అతనికి ఏమీ కాలేదు. నిండు కోనాం చేపల గుంపు మీద ఉన్నాడు. గవ్వ ఐసుపెట్టెలో ఉంది. మూడు బోట్లు మూడు పక్కల నుంచి వచ్చి చోటంతా చూసేశాయి. ఇక అతను ఊరుకుంటాడా? ఆ మూడు బోట్ల సరంగుల్నీ, వాళ్ళ తాతల్నీ, గవ్వల్నీ, వాటిని చేసినదాన్నీ, చదివించినవాళ్ళనీ పేరుపేరునా అందుకున్నాడు. జెట్టీ మీద ఆడవాళ్ళు నోళ్ళకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. చెవులు మూసుకునే మాటలు వచ్చేసరికి వరహాలమ్మ సిగ్గుపడి సెట్టు గొంతు తగ్గించబోయింది.

దానమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ వదినా. తిట్టనీ. తిట్టడానికి మడిసున్నాడు."

ఆ మాట అని, బల్ల మీద కొంచెం పక్కకి జరిగి, వెనక నిలబడ్డ చెల్లెలి వైపు చూసింది. హైమ వచ్చి ఆ జాగాలో కూర్చుంది. అక్కచెల్లెళ్ళిద్దరూ పెంటయ్య తిట్లు ఆఖరిదాకా విన్నారు.